‘రోజుకు ఒక శాతం’ అమ్ముతున్న ట్రేడింగ్ మాస్టారికి బహిరంగ లేఖ



ఈ ఉత్తరంలో మీ పేరు రాయడం లేదు. తొమ్మిదింబావుకి మార్కెట్ తెరవకముందే టెలిగ్రామ్‌లో ‘కాల్’ పెట్టేవారు, సాయంత్రానికి పచ్చరంగు అంకెల స్క్రీన్‌షాట్లు పెట్టేవారు, ఆదివారం హోటల్ హాల్లో ఉచిత తరగతి నడిపి సోమవారం నుంచి ఫీజు తరగతికి పేర్లు రాయించుకునేవారు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. మీరంతా చెప్పేది ఒకే మాట కాబట్టి అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగం అక్కర్లేదు, ఫోనూ పాతికవేలూ ఉంటే రోజుకు ఒక శాతం సంపాదించవచ్చన్నది ఆ మాట. షేర్లు కొని ఏళ్ల తరబడి దాచుకోవడం పెద్దవాళ్ల పాత పద్ధతి అని దానికి ఇంకో మాట కలుపుతారు.

నేను గుంటూరులో ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెడుతుంటాను. ఒకప్పుడు ఫారం 16, ఎల్ఐసీ రశీదు, ఇంటి అప్పు వడ్డీ సర్టిఫికెట్ పట్టుకొచ్చే కుర్రాళ్లు ఇప్పుడు బ్రోకర్ యాప్ నుంచి దించిన ‘ట్యాక్స్ పీ అండ్ ఎల్’ కూడా తెస్తున్నారు. ఇంట్రాడే (ఒక్కరోజులోనే కొని అమ్మడం), ఆప్షన్లు చేసినవాళ్లకు జీతగాళ్లు వేసే ఒకటో నంబరు ఫారం పనికిరాదు. వ్యాపార ఆదాయం కింద మూడో నంబరు వేయాలి. ఆ సంగతి చెప్పగానే, ‘వ్యాపారమేముందండీ, పోగొట్టుకున్నదే కదా’ అంటారు. ఇంట్రాడేలో పోయినదాన్ని జీతంలో తగ్గించి చూపడానికి చట్టం ఒప్పుకోదు. ముందు ముందు ఇంట్రాడేలోనే లాభం వస్తే దానిలో సర్దుకోవాలి, అదీ నాలుగేళ్లలోపు. అది విన్నాక ఆ కుర్రాళ్ల ముఖాలు ఎలా మారతాయో మీరు చూడరు, నేను చూస్తాను. మీకు రాయాలనిపించింది అందుకే.

ముందుగా మీ ఒక శాతం సంగతి చూద్దాం. ఏడాదిలో మార్కెట్ నడిచేది సుమారు 250 రోజులు. రోజుకు ఒక శాతం చొప్పున వచ్చిన లాభాన్ని అసలులో కలుపుకుంటూ పోతే లక్ష రూపాయలు ఏడాది తిరిగేసరికి 12 లక్షలవుతాయి. రెండో ఏడాది చివరికి కోటీ 44 లక్షలు. అయిదో ఏడాది చివరికి 2,500 కోట్లు. అలా ఏళ్ల తరబడి సంపాదించుకుంటూ పోయిన మనిషిని ఏ మార్కెట్టూ చూడలేదు. తరగతిలో మీరు ఈ లెక్క చివరిదాకా చేయరు. ‘పాతికవేల మీద రోజుకు 250 రూపాయలే కదా’ అని అక్కడే ఆపేస్తారు. రెండొందల యాభై అనేసరికి ఎవరికైనా సాధ్యమే అనిపిస్తుంది. నెలకు పాతికవేల జీతం కోసం హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో ఎదురుచూస్తున్న బీటెక్ కుర్రాడికి మరీ అనిపిస్తుంది.

అయితే డే ట్రేడింగ్‌లో లాభమే రాదా అని నన్ను చాలామంది అడుగుతారు. కొందరికి వస్తుంది. ఆ ‘కొందరు’ ఎంతమందో, ఎంతకాలమో అన్నదే ప్రశ్న. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో ఇంట్రాడే మీద ఒక అధ్యయనం వెలువరించింది. 2022-23లో నగదు విభాగంలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పదింట ఏడుగురు నష్టపోయారు. మిగిలిన ముగ్గురూ సంపాదించారు కదా అని మీరు అనవచ్చు. అదే అధ్యయనంలో ఇంకో సంఖ్య ఉంది. ఏడాదిలో 500కు పైగా ట్రేడులు చేసినవాళ్లలో నష్టపోయినవారు 80 శాతం. సాధన చేస్తే చేయి తిరుగుతుందని మీరు చెబుతారు, ఎక్కువసార్లు కూర్చున్నవాళ్లలోనేమో నష్టపోయినవాళ్లు ఎక్కువగా కనబడుతున్నారు. ముప్పై ఏళ్లలోపు వాళ్లలో నష్టపోయినవారు 76 శాతం. 2018-19లో ఇంట్రాడే చేసేవాళ్లలో ఈ వయసు వాళ్లు 18 శాతం ఉండగా, 2022-23 నాటికి 48 శాతమయ్యారు. మీ తరగతుల్లో కుర్చీలు నింపుతున్నది ఈ వయసువాళ్లే.

ఆప్షన్ల దగ్గరికి వస్తే అంకెలు ఇంకా భయపెడతాయి. 2024 సెప్టెంబర్‌లో సెబీ వెలువరించిన లెక్క ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. నష్టం సగటున మనిషికి సుమారు రెండు లక్షలు, అందరిదీ కలిపితే లక్షా 80 వేల కోట్లకు పైమాట. ఖర్చులన్నీ పోను లక్ష రూపాయలకు మించి మిగుల్చుకున్నది ఒక్క శాతం మంది. ఆ తర్వాతి ఏడాది, 2024-25లో, 91 శాతం మందికి నష్టమే వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలో పోయింది లక్షా 5 వేల కోట్లకు పైనే. 2023 జులై నుంచి బ్రోకర్ యాప్ తెరవగానే ‘పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతున్నారు’ అన్న హెచ్చరిక కనబడాలని సెబీ నిబంధన పెట్టింది. ఆ హెచ్చరికను పక్కకు నెట్టి లోపలికి వెళ్లే ధైర్యం మీ శిష్యులకు మీ మాటల వల్లే వస్తోంది.

ఇది మన దేశపు సంగతే కాదు. బ్రెజిల్‌లో 2013-15 మధ్య సూచీ ఫ్యూచర్స్‌లో డే ట్రేడింగ్ మొదలుపెట్టి, మానేయకుండా 300 రోజులకు పైగా కొనసాగించిన వాళ్ల లెక్కలు అక్కడి ఆర్థికవేత్తలు తీశారు. 97 శాతం మంది నష్టపోయారు. ఆ దేశపు కనీస వేతనం కన్నా ఎక్కువ సంపాదించినవాళ్లు 1.1 శాతం. తైవాన్ మార్కెట్‌లో డే ట్రేడర్ల లావాదేవీలను ఏళ్ల తరబడి పరిశీలించిన పండితులు కూడా ఏటేటా నిలకడగా లాభం తీయగలిగేవాళ్లు ఒక్క శాతం కూడా లేరని తేల్చారు. దేశాలు వేరు, భాషలు వేరు, మాస్టార్లు వేరు. ఫలితం మాత్రం మారలేదు. అందుకే లోపం కుర్రాళ్ల క్రమశిక్షణలో కాక ఆ పనిలోనే ఉందంటున్నాను.

ఆ లోపమేమిటో రూపాయల్లో చెబుతాను. ఇరవై వేలు పెట్టి అయిదు రెట్ల మార్జిన్ మీద లక్ష రూపాయల షేర్లు కొని, ఆ రోజే అమ్మాడనుకుందాం. డిస్కౌంట్ బ్రోకర్ దగ్గరైనా కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20 బ్రోకరేజీ. అమ్మకం మీద సెక్యూరిటీల లావాదేవీల పన్ను 25. ఎక్స్ఛేంజీ చార్జీలు, స్టాంపు డ్యూటీ, బ్రోకరేజీ మీద 18 శాతం జీఎస్టీ అన్నీ కలిపితే ఒక్కసారి కొని అమ్మినందుకు సుమారు 80 రూపాయలు. లక్ష మీద 80 అంటే లెక్కలోకి రాదనిపిస్తుంది. కానీ కుర్రాడి సొంత డబ్బు లక్ష కాదు, ఇరవై వేలు. రోజుకు అయిదు ట్రేడులు చేస్తే ఖర్చు 400. నెలలో ఇరవై రోజులు చేస్తే ఎనిమిది వేలు. అంటే షేరు ధర అటూ ఇటూ కదలకపోయినా నెల తిరిగేసరికి అసలులో నూటికి నలభై పోయాయి. అతను లాభం చూడాలంటే ముందు ఆ నలభై సంపాదించాలి. సెబీ ఇంట్రాడే అధ్యయనంలో నష్టపోయినవాళ్లు ట్రేడులో పోగొట్టుకున్న ప్రతి వంద మీద మరో 57 రూపాయలు ఖర్చుల కింద కట్టారు. ఆప్షన్ల వాళ్లంతా కలిపి మూడేళ్లలో ఖర్చుల కింద కట్టింది సుమారు 50 వేల కోట్లు, దాంట్లో సగం బ్రోకరేజీయే. 2024 అక్టోబర్ 1 నుంచి ఆప్షన్ల అమ్మకం మీద సెక్యూరిటీల లావాదేవీల పన్నును 0.0625 శాతం నుంచి 0.1 శాతానికి పెంచారు. మీ తరగతుల్లో క్యాండిల్ బొమ్మలకు రెండు రోజులు కేటాయిస్తారు. ఈ ఖర్చుల పట్టికను ఎంతసేపు చూపిస్తారో చెప్పండి.

ఇక ఎదుటివైపు ఎవరున్నారన్నది. కుర్రాడు కొన్న ఆప్షన్‌ను ఎవరో అమ్మే ఉంటారు. 2023-24లో వ్యక్తులు ఫ్యూచర్స్, ఆప్షన్లలో నష్టపోతే, ఖర్చులు తీయకముందు సంస్థల సొంత ట్రేడింగ్ విభాగాలు 33 వేల కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు 28 వేల కోట్లు లాభపడ్డాయని సెబీ లెక్క. ఆ లాభాల్లో 96, 97 శాతం అల్గో ట్రేడింగ్ చేసే సంస్థలకు వెళ్లింది. ఎక్స్ఛేంజీ సర్వర్ల పక్కనే తమ కంప్యూటర్లు పెట్టుకుని, రెప్పపాటులో వేల ఆర్డర్లు పెట్టగల వాళ్లు వాళ్లు. నరసరావుపేటలోనో నల్లగొండలోనో ఫోన్ పట్టుకున్న కుర్రాడు మీ కాల్ చదివి, ధర చూసి, బొటనవేలితో నొక్కేలోపు ఆ ధర మారిపోతుంది. ఆ ఏడాది ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో పెద్ద నగరాలకు అవతలివాళ్లే ఎక్కువ. నాలుగింట మూడొంతుల మంది ఏడాదికి అయిదు లక్షల లోపు ఆదాయం చూపించినవాళ్లు. చిన్న ఊళ్ల చిన్న జీతాల డబ్బు ఎటు వెళ్తోందో దీన్ని బట్టి చెప్పవచ్చు.

పేకాట క్లబ్బులో ఆరుగురు కూర్చుని ఆడితే ఒకడు గెలిచేది మిగతావాళ్లు పోగొట్టుకున్నదే, దాంట్లోంచీ ప్రతి ఆటకూ కొంత క్లబ్బు తీసుకుంటుంది. రాత్రంతా ఆడితే బల్ల మీద మొత్తం డబ్బు తగ్గుతుందేగానీ పెరగదు. ఆప్షన్ల లెక్క సరిగ్గా ఇదే, ఒక్కరోజులో కొని అమ్మే షేర్ల లెక్క దాదాపు ఇదే. ఉదయం పదిన్నరకి కొని మధ్యాహ్నం రెండింటికి అమ్మిన షేరు వెనక ఉన్న కంపెనీ ఆ మూడున్నర గంటల్లో అమ్మిన సరుకెంత, సంపాదించిన లాభమెంత? ధరలో కనబడే కదలికంతా ఎక్కువగా ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకే.

షేర్లను ఏళ్ల తరబడి ఉంచుకున్నప్పుడు డబ్బు వేరేచోటు నుంచి వస్తుంది. కంపెనీ మందులు అమ్ముతుంది, సిమెంటు అమ్ముతుంది, సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తుంది, బ్యాంకు అప్పులిచ్చి వడ్డీ వసూలు చేస్తుంది. లాభంలో కొంత డివిడెండుగా పంచి, మిగతాది వ్యాపారంలో పెడుతుంది. పదేళ్లలో ఆ లాభం పెరిగితే వాటాదారుల సొత్తూ పెరుగుతుంది. అక్కడ ఒకరి లాభానికి ఇంకొకరి నష్టం అవసరం లేదు, అందరూ కలిసి సంపాదించవచ్చు. 1978-79ని 100గా తీసుకుని లెక్కించే సెన్సెక్స్ 2024 సెప్టెంబర్‌లో 85 వేలు దాటింది. ఈ మధ్యలో యుద్ధాలు, కుంభకోణాలు, ప్రభుత్వాల మార్పులు, ఒక మహమ్మారి వచ్చిపోయాయి. కంపెనీలు సంపాదించడం మానలేదు కాబట్టే సూచీ అంత ఎత్తుకు వెళ్లింది.

చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. ఇంట్రాడే లాభం మీ ఆదాయంలో కలిసి, మీ శ్లాబు ఎంతైతే అంత పన్ను పడుతుంది. షేర్లు గానీ ఈక్విటీ ఫండ్లు గానీ ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా 25 వేల దాకా లాభం మీద పన్నే లేదు. ఆపైన 12.5 శాతం. ఊరికే ఉంచుకున్నంతకాలం లాభం మీద పన్ను కట్టనక్కర్లేదు, బ్రోకరేజీ మాటే లేదు.

దీర్ఘకాలం అంటే భయం లేదని నేను అనను. అలా అంటే నేనూ మీలాగే మాట్లాడినట్టవుతుంది. 1992 ఏప్రిల్‌లో బ్రోకర్ హర్షద్ మెహతా హడావుడిలో 4,400 దాటిన సెన్సెక్స్, పదకొండేళ్ల తర్వాత, 2003 ఏప్రిల్‌లో, 3,000 దగ్గర ఉంది. ఆ శిఖరం మీద మొత్తం డబ్బు ఒకేసారి పెట్టినవాళ్లకు ఒక దశాబ్దం వృథా అయింది. 2008 జనవరిలో 21 వేలు తాకి, 2009 మార్చికి 8 వేల దగ్గరికి పడింది. 2020 మార్చి 23న ఒక్కరోజే 13 శాతం పోయింది. అయితే మరుసటి ఏడాది జనవరికే 50 వేలను తాకింది. ఆ మార్చిలో అప్పు తెచ్చి పెట్టినవాళ్లు, మార్జిన్ మీద ఉన్నవాళ్లు అమ్ముకోక తప్పలేదు. సొంత డబ్బుతో, వచ్చే అయిదారేళ్లు అవసరం పడని డబ్బుతో ఉన్నవాళ్లకు ఆగే వీలు దొరికింది. దీర్ఘకాలంలో ఉన్న బలమంతా ఆగగలగడంలోనే ఉంది. మీ మూడుంబావు గంటల స్క్వేర్ ఆఫ్‌లో కుర్రాడికి లేనిది అదే. అతని అంచనా రేపు నిజమైనా ఇవాళ బ్రోకరే అమ్మేస్తాడు.

ఒకే కంపెనీని నమ్ముకుని ఏళ్లు ఉండటం కూడా దీర్ఘకాలిక పెట్టుబడి అనిపించుకోదు. మన తెలుగువాళ్లకు ఆ పాఠం ఇంటిపక్కనే దొరికింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో లేని డబ్బు చూపించామని ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసిన రోజు, ఆ షేరు 180 రూపాయల దగ్గర నుంచి ఒక్కపూటలో 40 రూపాయల దగ్గరికి పడిపోయింది. మనవాళ్ల కంపెనీ అన్న అభిమానంతో పదవీవిరమణ డబ్బు అంతా అందులోనే పెట్టినవాళ్లు కోలుకోలేదు. అదే సత్యం ఒక వాటాగా ఉన్న సూచీ ఫండ్‌లో పెట్టినవాళ్లకు తగిలింది చిన్న దెబ్బ. సూచీ నుంచి సత్యాన్ని తీసేసి దాని స్థానంలో ఇంకో కంపెనీని పెట్టారు. అందుకే నన్ను అడిగినవాళ్లకు నేను ఏ షేరు పేరూ చెప్పను. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో వేయండి, ఆరోగ్య బీమా తీసుకోండి, అధిక వడ్డీ అప్పు తీర్చండి, ఆ తర్వాత మిగిలిన దాంట్లోంచి నెలనెలా నిఫ్టీ లాంటి విస్తృత సూచీ ఫండ్‌లో వేయండి అంటాను. నెలకు అయిదు వేలు ఇరవై ఏళ్లు వేస్తే కట్టింది 12 లక్షలు. ఏడాదికి సగటున పది శాతం వచ్చిందనుకుంటే చేతికొచ్చేది సుమారు 38 లక్షలు. ఆ పది శాతం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరు, నేనూ ఇవ్వను. వినడానికి ఇందులో ఉత్సాహం కలిగించేదేమీ లేదని తెలుసు. చదువు, పెళ్లి, ఇల్లు, ముసలితనం లాంటి అవసరాలకు డబ్బు సమకూరేది మాత్రం ఇలాగే.

మాస్టారూ, మీ మీద నా అసలు అభియోగం ఇప్పుడు చెబుతాను. నష్టం వచ్చిన కుర్రాడు మిమ్మల్ని అడిగితే మీరు చెప్పే సమాధానం నాకు తెలుసు. ‘స్ట్రాటజీ మంచిదే, నీ సైకాలజీ బాగాలేదు.’ ‘స్టాప్‌లాస్ పెట్టావు గానీ తొందరపడి తీసేశావు.’ ‘ఓవర్ ట్రేడింగ్ చేశావు, రివెంజ్ ట్రేడింగ్ చేశావు.’ ఆ మాటలతో అతని నష్టం అతని స్వభావంలోని లోపంగా మారిపోతుంది. పదిమందిలో తొమ్మిదిమంది ఓడిపోయే పనిలో ఓడిపోయానని అతనికి తోచదు. తనలో ఏదో తక్కువ ఉందని నమ్ముతాడు. ఆ తక్కువను సరిదిద్దుకోవడానికి మీ ‘అడ్వాన్స్‌డ్’ తరగతికి మళ్లీ డబ్బు కడతాడు. వరసగా రెండేళ్లు నష్టపోయినవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా ఆప్షన్ల ట్రేడింగ్ మానలేదని సెబీ లెక్క చెబుతోంది. తన శ్రమ మీద నమ్మకం ఉన్న మనిషిని, ‘నువ్వు ఇంకాస్త గట్టిగా ప్రయత్నించు’ అన్న ఒక్క మాటతో ఎంత దూరమైనా నడిపించవచ్చు. మీరు నడిపిస్తున్నారు.

ఆ దారిలో అతను ఏమేం చేస్తాడో నా టేబుల్ ముందు కూర్చున్నప్పుడు చెబుతాడు. ముందు జీతంలో మిగిలింది పోతుంది. తర్వాత క్రెడిట్ కార్డు, దాని తర్వాత ఫోన్లో దొరికే లోన్ యాప్. ఆపైన అమ్మకు చెప్పకుండా అమ్మ గాజులు బంగారం అప్పుల కంపెనీలో. ఎక్స్‌పైరీ రోజున రూపాయికో రెండు రూపాయలకో దొరికే ఆప్షన్‌లో మొత్తం పెట్టేయడాన్ని మీరు ‘హీరో ఆర్ జీరో’ అని పేరు పెట్టి నేర్పారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి చెల్లెలి ఫీజుకు దాచినది అందులో పోయింది. అతను దొంగ కాదు, జూదరి కాదు. డిగ్రీలో మంచి మార్కులు వచ్చినవాడు, మీరు ఇచ్చిన నోట్సు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నవాడు. ‘నాకు కంట్రోల్ లేదు సార్’ అని నాతో అన్నప్పుడు ఆ మాట అతనిది కాదని నాకు అర్థమైంది. అతని నోట్లో దాన్ని పెట్టింది మీరు.

మీకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో అతనికి చెప్పారా? ఫీజు వస్తుంది. మీ లింకుతో ఖాతా తెరిచినందుకు, ఆ ఖాతాలో జరిగే లావాదేవీల మీద బ్రోకరేజీలో వాటా కొందరికి వస్తుంది. అతను గెలిచినా ఓడినా ట్రేడు చేస్తే చాలు, మీకు నష్టం లేదు. 2023 అక్టోబర్‌లో సెబీ ఇచ్చిన ఒక ఉత్తర్వు చదవండి. ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ లేకుండా పాఠాల పేరుతో సలహాలమ్మి వసూలు చేసిన 17 కోట్లకు పైగా సొమ్మును విడిగా జమ చేయమని అందులో ఆదేశించారు. శిష్యులకు లాభాలే చూపించిన ఆ వ్యక్తికి సొంత ట్రేడింగ్‌లో 2021 జనవరి నుంచి 2023 జులై మధ్య నికరంగా 2 కోట్ల 89 లక్షల నష్టం వచ్చిందని ఆ ఉత్తర్వే చెప్పింది. 2025 జనవరిలో సెబీ ఇంకో అడుగు వేసింది. పాఠం చెప్పేవాళ్లు మూడు నెలల్లోపు ధరలను చూపించి ఏ షేరు గురించీ మాట్లాడకూడదన్నది. పాఠానికి పాత చార్టు చాలు. ఇవాళ్టి ధర కావాలంటే అది పాఠం కాదు, కాల్. కాల్ ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ ఉండాలి.

మేం ఉపాధి లేనివాళ్లకు ఒక దారి చూపిస్తున్నామని మీలో కొందరు నిజంగానే నమ్ముతున్నారని నాకు తెలుసు. కుర్రాళ్లకు ఉద్యోగాలు లేవన్న మీ బాధ అబద్ధం కాదు. ఆ బాధ నిజం కాబట్టే వాళ్లకు మిగిలిన పాతికవేలు ఇంకా విలువైనవి. ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్లకే అన్నిటికన్నా ప్రమాదకరమైన పని చెప్పడం ఉపాధి చూపించడం అవదు. నిజంగా నేర్పాలనుంటే నేర్పడానికి చాలా ఉంది. బ్యాలెన్స్ షీటు చదవడం నేర్పండి. ఖర్చుల పట్టిక నేర్పండి. ద్రవ్యోల్బణం ఏమిటో, చక్రవడ్డీ ఏమిటో, ఫండ్ ఎక్స్‌పెన్స్ రేషియో ఏమిటో నేర్పండి. వాటికి ఫీజు తీసుకోండి, ఎవరూ కాదనరు.

కుర్రాళ్లారా, ఈ ఉత్తరం మీరూ చదువుతారు కాబట్టి మూడు మాటలు. కాల్ ఇచ్చే మనిషిని సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రీసెర్చ్ అనలిస్టుకు ఐఎన్‌హెచ్ తోనూ, పెట్టుబడి సలహాదారుకు ఐఎన్‌ఏ తోనూ మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మోసపోతే దాచకండి, దొంగ యాప్‌లో డబ్బు వేస్తే గంటల్లోపే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అప్పులు పీకల దాకా వచ్చి నిద్ర పట్టకపోతే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. తల్లిదండ్రులకూ ఒక మాట. పోయిన డబ్బు గురించి బిడ్డ నోరు విప్పిన రోజున తిట్టకండి. ఆ రోజు తిడితే తర్వాతి నష్టం మీకు తెలియదు.

మాస్టారూ, మీ నుంచి నేను కోరేది తరగతులు మూసేయమని కాదు. మీ బ్రోకర్ ఇచ్చే ట్యాక్స్ పీ అండ్ ఎల్ మూడేళ్లది, అన్ని ఖాతాలదీ, ఒక్క పేజీ కూడా తీసేయకుండా మీ గ్రూపులో పెట్టండి. దాని పక్కనే ఆ మూడేళ్లలో ఫీజుల మీద, రిఫరల్ కమీషన్ల మీద వచ్చిన ఆదాయం పెట్టండి. మీ రిజిస్ట్రేషన్ నంబరు పైన రాయండి. ఈ మూడూ చూశాక కూడా మీ దగ్గర నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్లు నేర్చుకుంటారు, అది వాళ్ల ఇష్టం. మీ దగ్గర ఆ కాగితాలు ఉన్నాయి, ఏటా నాలాంటి వాళ్ల చేత రిటర్ను వేయించుకునేటప్పుడు తెస్తూనే ఉంటారు. రేపు ఉదయం తొమ్మిదింబావుకి కాల్ పెట్టే ముందు వాటిని పెట్టండి. పెట్టలేకపోతే ఆ కాల్ కూడా పెట్టకండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక పన్ను సలహాదారు